మొవ్వు నరికాక అడవిలో ఏం మిగులుతుంది? జుసారా పామ్ జన్యు వైవిధ్యంపై కేస్ స్టడీ

బ్రెజిల్ తూర్పు తీరం వెంబడి సాగే అట్లాంటిక్ అడవిలో జుసారా అనే పామ్ చెట్టు ఉంది. తూర్పు పరాగ్వేలో, అర్జెంటీనాలోని మిసియోనెస్ ప్రాంతంలో కూడా కనిపిస్తుంది. శాస్త్రీయ నామం యూటర్పే ఎడ్యులిస్. ఒంటి కాండం, పిలకలు వేయదు. మట్టల తొడుగుల లోపల ఇంకా విచ్చుకోని తెల్లటి లేత భాగాన్ని, అంటే మొవ్వును, ఉప్పునీళ్ళలో నిల్వచేసి సీసాల్లో, డబ్బాల్లో అమ్ముతారు. ఈ చెట్టుకు పెరిగే చోటు అదొక్కటే కాబట్టి మొవ్వు తీస్తే చెట్టు చచ్చినట్టే. ఎనిమిది నుంచి పన్నెండేళ్ళు పెరిగిన చెట్టును కూలిస్తే చేతికొచ్చేది కొన్ని వందల గ్రాములు.

గత శతాబ్దం మధ్యలో ఈ నరుకుడు పరిశ్రమ స్థాయికి చేరింది. 1970ల నాటికి దక్షిణ బ్రెజిల్‌లో చెట్లు పలచబడ్డాయి. వ్యాపారం అమెజాన్ ముఖద్వారంలోని అసాయీ పామ్ వైపు మళ్ళింది. అసాయీ దుబ్బుగా పెరుగుతుంది, ఒక కాండం కొడితే పక్క పిలక లేస్తుంది. జుసారాకు ఆ వెసులుబాటు లేదు. 2001లో బ్రెజిల్ జాతీయ పర్యావరణ మండలి తన 294వ తీర్మానంలో శాంటా కాటరినా రాష్ట్రానికి నరికే నిబంధనలు పెట్టింది. 2006లో అట్లాంటిక్ అడవి చట్టం వచ్చింది. 2008లో జుసారా అంతరించే ప్రమాదమున్న మొక్కల అధికారిక జాబితాకెక్కింది. దొంగ నరుకుడు మాత్రం రక్షిత అడవుల్లో కూడా నడుస్తూనే ఉంది.

నరికితే చెట్లు తగ్గుతాయన్నది ఎవరికైనా తెలిసిందే. జన్యు వైవిధ్యం ఎంత తగ్గుతుందో మొద్దులు లెక్కపెట్టి చెప్పలేం. రెండు అడవుల్లో సమానంగా నరికినా, ఒకచోట అల్లీళ్ళు, అంటే ఒకే జన్యువుకు ఉండే వేర్వేరు రూపాలు, దాదాపు అన్నీ మిగలొచ్చు, ఇంకోచోట సగం అరుదైనవి పోవచ్చు. తేడా ఎక్కడొస్తుందంటే: మిగిలిన చెట్లలో నిజంగా గింజ కడుతున్నవి ఎన్ని, ఆ గింజల్ని మోసుకెళ్ళే పక్షులు ఉన్నాయా, అన్నిటికన్నా ముఖ్యంగా, కింద ఉన్న మొక్కలు పూతకు రాకముందే రెండోసారి కత్తి పడిందా. మా దృష్టిలో మొదటి నరుకుడు కన్నా రెండోదే ప్రమాదం. ఎందుకో తెలియాలంటే చెట్టు సంగతి కొంచెం చూడాలి.

పూత, కాయ, మొలక

జుసారా గెలలో పూలు మూడేసి చొప్పున ఉంటాయి, రెండు మగపూల మధ్య ఒక ఆడపువ్వు. మగపూలు ముందు విచ్చుకుని రాలిపోతాయి. కొన్ని రోజుల తర్వాత గానీ ఆడపూలు సిద్ధం కావు. కాబట్టి ఒకే గెలలో స్వపరాగ సంపర్కం దాదాపు జరగదు. ఒకే చెట్టు మీద ఒక గెల మగ దశలో, ఇంకో గెల ఆడ దశలో కలిసొస్తే తప్ప చెట్టు తనతో తాను కలవదు. మైక్రోశాటిలైట్లు అనే డీఎన్ఏ గుర్తులతో కొలిచిన అధ్యయనాల్లో పరపరాగ సంపర్కం రేటు దాదాపు 1కి చేరువగా వచ్చింది, అంటే దాదాపు ప్రతి గింజకూ తండ్రి వేరే చెట్టే. పుప్పొడిని చిన్న తేనెటీగలు మోస్తాయి.

ఈ ఏర్పాటు పనిచేయాలంటే చుట్టుపక్కల ఒకే వారంలో పూసే చెట్లు చాలా ఉండాలి. హెక్టారుకు వందల చెట్లున్న చోట ఒక తల్లి గెలకు తండ్రులు చాలామంది. అదే హెక్టారులో పదో పరకో మిగిల్తే, ఆ వారం మగ దశలో ఉన్నవి రెండో మూడో ఉంటాయి. గెల నిండా కాయే కాస్తుంది, చూసేవాడికి ఏ తేడా తెలియదు. కానీ గింజలన్నీ ఇద్దరు ముగ్గురు తండ్రుల పిల్లలే. వాటిలో చాలామటుకు పక్కనే నిలబడ్డ తోబుట్టువుల మధ్య సంపర్కంతో వచ్చినవై ఉంటాయి. అడవిలో మేనరికం అంటే ఇదే.

కాయ సుమారు 1 నుంచి 1.5 సెంటీమీటర్ల మందం, పండితే నల్లగా ఉంటుంది, ఒక్కటే గింజ. గెలకు వేలల్లో కాయలు. గింజ ఎండితే చచ్చిపోతుంది. మట్టిలో ఏళ్ళ తరబడి నిద్రపోయే గింజల నిల్వ ఈ జాతికి లేదు. దానికి బదులు మొలకల నిల్వ ఉంటుంది. నీడలో, తడి నేలలో మొలకలు పచ్చికలా పరుచుకుని కొన్నేళ్ళపాటు వెలుతురు కోసం ఎదురుచూస్తాయి.

మా వాదనకు మూలం ఇక్కడే ఉంది. పెద్ద చెట్లన్నీ ఒక్కసారిగా నరికేసినా, అంతకుముందు అయిదారేళ్ళలో ఆ తల్లులు, తండ్రులు కన్న మొలకలు, చిన్న మొక్కలు నేల మీద ఉంటాయి. పోయిన చెట్ల అల్లీళ్ళు చాలావరకు వాటిలో దాక్కుని ఉంటాయి. వాటిని పూతకు రానిస్తే తరువాతి తరం బతికినట్టే. అయితే నరికేవాడు నాలుగైదేళ్ళకే మళ్ళీ వస్తాడు. ఈసారి లావు చెట్లు ఉండవు, మొవ్వు కాస్త చేతికొచ్చే లేత కాండాన్ని కూడా వదలడు. ఒక్కసారి కూడా పూయని చెట్లు పోతాయి. ఆ నేల మీద మొలకల నిల్వ మళ్ళీ నిండదు.

లెక్క ఏం చెబుతుంది

హెటిరోజైగోసిటీ, అంటే ఒక జన్యువుకు రెండు వేర్వేరు అల్లీళ్ళు మోసే చెట్ల పాలు, అనే కొలత మీదే అందరి కళ్ళు ఉంటాయి. నరుకుడు దెబ్బను ఆలస్యంగా చూపించే కొలత కూడా అదే. ఒక తరంలో అది తగ్గే పాలు, 1ని ప్రభావక సంఖ్యకు రెట్టింపుతో భాగిస్తే వస్తుంది. ప్రభావక సంఖ్య అంటే జన్యుపరంగా నిజంగా పాల్గొంటున్న చెట్ల లెక్క. అది 25 అయితే ఒక తరంలో తగ్గేది 2 శాతమే. ఏ ప్రయోగశాలలోనూ ఆ 2 శాతం కొలత పొరపాటు నుంచి విడిగా కనబడదు.

అరుదైన అల్లీళ్ళ సంగతి వేరు. అడవిలో 2 శాతం తరచుదనంతో ఉన్న అల్లీల్, యాదృచ్ఛికంగా మిగిలిన 25 చెట్లలో ఒక్కదానిలోనూ లేకుండా పోయే అవకాశం, 0.98ని 50 సార్లు గుణిస్తే (ఒక్కో చెట్టులో ప్రతి జన్యువుకూ రెండు ప్రతులు కాబట్టి), 36 శాతం. 50 చెట్లు మిగిల్తే 13 శాతం. 100 మిగిల్తే 2 శాతం లోపే. 25 చెట్లు మిగిలిన అడవి గురించి ‘హెటిరోజైగోసిటీ తగ్గలేదు, వైవిధ్యం క్షేమం’ అని రాసిన నివేదిక చూస్తే, మూడోవంతు అరుదైన అల్లీళ్ళ సంగతి అందులో ఎక్కడుందో వెతకాలి.

మిగిలిన చెట్లన్నీ సమానంగా కాయవు. వెలుతురు పడేది గెలల మీద గెలలు వేస్తుంది, నీడలో ఉన్నది ఒక్క గెలతో సరిపెడుతుంది. ఒక్కో చెట్టు తరువాతి తరానికి ఇచ్చే పిల్లల సంఖ్యలో వ్యత్యాసాన్ని (గణాంకాల్లో వేరియెన్స్) లెక్కలోకి తీసుకుంటే, 50 చెట్లకు వ్యత్యాసం 2 అయినప్పుడు ప్రభావక సంఖ్య దాదాపు 50. వ్యత్యాసం 10 అయితే అదే 50 చెట్లకు ప్రభావక సంఖ్య 16.5. దానితో తరానికి 3 శాతం చొప్పున, అయిదు తరాల్లో హెటిరోజైగోసిటీ దాదాపు 14 శాతం పోతుంది. చెట్ల లెక్క ఒక్కటి కూడా మారదు.

ఇంకోటి, ఎంపిక. మొవ్వు కొట్టేవాడు లావు చెట్టునే చూస్తాడు. త్వరగా లావయ్యే గుణంలో కొంత భాగం వారసత్వమే అయితే, తరతరానికీ నెమ్మదిగా పెరిగేవే తల్లులుగా మిగులుతాయి. సన్నగా ఉన్న ప్రతిదీ జన్యుపరంగా బలహీనం అని దీని అర్థం కాదు. వాటిలో చాలావరకు నీడ వల్ల సన్నబడ్డవే. అందుకే ఈ వాదనను అతి చేయకుండా, తల్లి చెట్లను గుర్తించేటప్పుడు అన్ని లావులూ ఉండేలా చూస్తే చాలు.

పక్షులు లేని అడవి

జుసారా గింజను దూరం మోసేవి పెద్ద నోటి పక్షులు: టూకాన్లు, అరపోంగా అనే గంటపక్షి, జకుటింగా అనే నల్లటి అడవికోడి లాంటి పెద్ద పక్షి. చిన్న సాబియా పిట్టలు కూడా తింటాయి గానీ 12 మిల్లీమీటర్లు దాటిన గింజ వాటి గొంతులో పట్టదు. 2013లో సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం 22 జుసారా సమూహాలను పోల్చింది. పెద్ద పక్షులు మాయమైన అడవుల్లో గింజలు చిన్నవైపోయాయని, 12 మిల్లీమీటర్లకు మించిన గింజలు దాదాపు లేవని తేల్చింది. ఇది వందేళ్ళ లోపే జరగగల మార్పు. 2016లో జుసారా మీదే వచ్చిన జన్యు అధ్యయనం, పక్షులు పోయిన చోట అల్లీల్ తరచుదనాలు కూడా మారాయని చూపింది.

నరుకుడుకూ దీనికీ సంబంధం ఏమిటంటే, మిగతా పళ్ళు అంతగా దొరకని చలి నెలల్లో ఈ పక్షులకు తిండి పెట్టేది జుసారాయే. నరికి పలచబడ్డ చోట అవి ఆగవు. అవి ఆగనిచోట గింజ తల్లి కిందే రాలుతుంది. వేటగాడూ మొవ్వు దొంగా తరచూ ఒకే కాలిబాటలో నడుస్తారు కాబట్టి రెండు దెబ్బలూ కలిసే తగులుతాయి.

పక్షి ఉంటే ఏమవుతుందో ఈక్వడార్‌లోని చోకో అడవిలో, ఓయెనోకార్పస్ బటావా అనే ఇంకో పామ్ మీద చక్కగా తేలింది. అక్కడి గొడుగుపక్షి మగవి జతకోసం ఒకచోట గుమిగూడతాయి. దూరదూరం తిరిగి తిన్న గింజల్ని అక్కడికొచ్చి కక్కుతాయి. ఆ స్థలాల్లోని మొలకలు చాలామంది తల్లులవి. మిగతాచోట్ల మొలకలు ఒకే తల్లి పిల్లలుగా గుంపులు కట్టాయి. వంద చెట్లు వదిలి పక్షిని పోగొట్టుకుంటే, వదిలిన చెట్ల జన్యువులు ఎక్కడివక్కడే ఉండిపోతాయి.

కొలిచే పద్ధతి

ముందు స్థిర ప్లాట్లు, అంటే మళ్ళీ మళ్ళీ వచ్చి కొలవడానికి గుర్తుపెట్టిన నేల ముక్కలు. ప్రతి మొక్కనూ దశల వారీగా రాయాలి: లేత ఆకు మొదలు నేల నుంచి 10 సెంటీమీటర్ల ఎత్తు లోపు ఉంటే మొలక, 50 లోపు చిన్న మొక్క, ఆపైన కాండం కనబడనిది, కాండం కనబడి ఇంకా పూయనిది, పూసేది. నరికిన చోట, నరకనిచోట కనీసం మూడేసి స్థలాలు కావాలి. ఒక్కో స్థలంతో పోల్చితే వచ్చేది నరుకుడు ఫలితమా, ఎత్తు తేడానా, నేల తేడానా తెలియదు. ‘నరకనిది’ అని బోర్డు ఉన్న చోట కూడా పాత మొద్దులు వెతకాలి. చాలా పార్కుల్లో దొరుకుతాయి.

ప్రతి స్థలంలో మూడు వయసుల నుంచి నమూనాలు తీస్తాం: పూసే చెట్లు, కాండం రాని మొక్కలు, మొలకలు. ఒక్కో వయసుకు 30 తక్కువలో తక్కువ, 50 మంచిది. 30 చెట్లలో 5 శాతం తరచుదనం ఉన్న అల్లీల్ కనీసం ఒక్కసారి దొరికే అవకాశం 95 శాతం. 2 శాతం దాన్ని పట్టుకోవాలంటే 50 చెట్లు కూడా 87 శాతమే హామీ ఇస్తాయి.

మొలకల దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. ఒక తల్లి కింద నిలబడి చేతికందినవి 30 కోస్తే అవన్నీ అక్కచెల్లెళ్ళే. ఆ నమూనా అంతఃప్రజననం (దగ్గరి బంధువుల మధ్య సంపర్కం) ఎక్కువ చూపిస్తుంది, అల్లీళ్ళు తక్కువ చూపిస్తుంది. అది అడవి జబ్బు కాదు, కోసినవాడి సోమరితనం. ఒక చోట ఒక్క మొలకే, పక్క మొలకకు కనీసం 10 మీటర్ల దూరం, ప్రతిదానికీ జీపీఎస్ గుర్తు. దట్టమైన అడవి కింద జీపీఎస్ అయిదారు మీటర్లు తప్పుతుంది కాబట్టి ప్లాట్ లోపల టేపుతో కొలవడమే నయం.

ఆకు ముక్క 2–3 సెంటీమీటర్లు చాలు. మొలకకు రెండే ఆకులుంటే ఒకదాని కొసను మాత్రమే తుంచాలి. పెద్ద చెట్లకు వేరే తంటా: టేకు, మద్ది లాంటి చెట్లకైతే బెరడు కింద కేంబియం అనే పెరిగే పొర నుంచి బిళ్ళ తీస్తారు, పామ్‌లకు కేంబియమే లేదు. పొడుగు కర్ర కత్తెరతోనో, చెట్టెక్కేవాళ్ళతోనో మట్ట నుంచి ఒక్క ఆకు రెబ్బ దింపాలి. మధ్యలో ముడుచుకున్న లేత ఆకు జోలికి పోకూడదు. డీఎన్ఏకు అదే బాగుంటుందని కొందరు లాగేస్తారు. ఒంటి కాండం చెట్టుకు దాన్ని గాయపరిస్తే మనం కూడా మొవ్వు కొట్టినట్టే.

ముక్కను దాని బరువుకు పదింతల సిలికా జెల్‌లో వేసి ఒక రోజులో ఎండనివ్వాలి. జెల్ రంగు మారితే వెంటనే మార్చాలి. ఆకు పీచు ఎక్కువ, పాలీఫినాళ్ళు ఎక్కువ. డీఎన్ఏను విడదీసే సీటాబ్ ద్రావణంలో 2 శాతం పీవీపీ, మెర్కాప్టోఎథనాల్ కలిపి 65 డిగ్రీల దగ్గర 45 నుంచి 60 నిమిషాలు ఉంచాలి. తర్వాత క్లోరోఫామ్, ఐసోఅమైల్ ఆల్కహాల్ 24:1 మిశ్రమంతో రెండుసార్లు శుద్ధి చేయాలి. అడుగున వచ్చిన డీఎన్ఏ గోధుమ రంగులో ఉంటే పాలీఫినాళ్ళు అంటుకున్నాయని అర్థం, డీఎన్ఏకు ప్రతులు తీసే పీసీఆర్ మొరాయిస్తుంది. పదింతలు పలచన చేస్తే చాలాసార్లు దారికొస్తుంది, లేదంటే ఎండిన ఆకు తక్కువ తీసుకుని మళ్ళీ చేయాలి.

జుసారాకు మైక్రోశాటిలైట్ గుర్తులు 2000ల మొదట్లోనే తయారయ్యాయి. 10–12 చాలు. నమూనాల్లో 5 నుంచి 10 శాతాన్ని రెండోసారి, ఎవరిది ఏదో తెలియకుండా చదవాలి. పొరపాటు రేటు తెలియకుండా తల్లిదండ్రుల్ని గుర్తించే లెక్కలు నమ్మొద్దు. ఏదో ఒక గుర్తు మాత్రమే అన్ని చోట్లా హెటిరోజైగోట్లు తక్కువ చూపిస్తుంటే, అది పరీక్షలో కనబడని అల్లీల్ పని, దాన్ని పక్కన పెట్టాలి. అన్ని గుర్తులూ కలిసి చూపిస్తే అప్పుడు అంతఃప్రజననం గురించి ఆలోచించాలి.

సంపర్క విధానం కొలవడానికి 15–20 తల్లుల నుంచి, తల్లికి 15–20 గింజలు మొలకెత్తించాలి. గింజను తడి ఇసుకలోనే మోయాలి. కాగితం కవర్‌లో ఆరబెడితే ల్యాబ్‌కు చేరేది చచ్చిన గింజ. ఈ కుటుంబాల నుంచి, ఒక తల్లి గింజల్లో ఎన్ని జతలు ఒకే తండ్రివో వస్తుంది. నరుకుడు దెబ్బ అన్నిటికన్నా ముందు కనబడేది ఈ అంకెలోనే. హెటిరోజైగోసిటీ కదలకముందే తండ్రుల సంఖ్య పడిపోతుంది.

ఫలితాలు చదివేటప్పుడు

నరికిన అయిదేళ్ళకు వెళ్ళి మిగిలిన పెద్ద చెట్లను కొలిచి ‘ప్రభావం లేదు’ అనడం చాలా మామూలు తప్పు. ఆ చెట్లు నరుకుడు కన్నా ముందు పుట్టినవి, వాటి జన్యువులు పాత అడవివి. నరుకుడు తర్వాతి సంపర్కంతో పుట్టినవి మొలకలు మాత్రమే. కాబట్టి పోలిక పెద్ద చెట్లకూ మొలకలకూ మధ్య, తర్వాత నరికిన అడవి మొలకలకూ నరకని అడవి మొలకలకూ మధ్య.

ఈ రెండో పోలిక ఎందుకంటే, మొలకల్లో అంతఃప్రజనన సూచిక కొంచెం ఎక్కువగా ఉండటం జుసారాలో మామూలే. దగ్గరి సంబంధాల్లో పుట్టినవి పెరిగే దారిలో చచ్చిపోతాయి, పెద్ద చెట్లకొచ్చేసరికి సూచిక సున్నాకు, ఒక్కోసారి అంతకన్నా కిందికి వస్తుంది. మొలకల్లో 0.1 కనబడగానే గంట మోగించక్కర్లేదు. నరకని అడవిలో అది 0.05 ఉండి నరికినచోట 0.2 ఉంటే అప్పుడు మాట్లాడాలి. ఈ అంకెలు ఉదాహరణకే.

అల్లీళ్ళ సంఖ్యను నేరుగా పోల్చకూడదు. 48 చెట్లలో ఎక్కువ దొరుకుతాయి, 20 మొలకల్లో తక్కువ దొరుకుతాయి. అతి చిన్న నమూనా స్థాయికి కుదించి పోల్చాలి. జనాభా కుంచించుకుపోయిందా అని చెప్పే రెడీమేడ్ పరీక్షల మీద కూడా ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. ఒకటి రెండు తరాల నాటి నరుకుడును 10 గుర్తులతో పట్టే శక్తి వాటికి లేదు. ‘గుర్తించలేదు’ అన్నది ‘జరగలేదు’గా మారి నివేదికలోకి వెళ్ళిపోతుంది.

చట్టం చెప్పే 50 చెట్లు

శాంటా కాటరినా నిబంధన ప్రకారం నేల నుంచి 1.3 మీటర్ల ఎత్తులో 9 సెంటీమీటర్ల వ్యాసం దాటినవే నరకాలి, హెక్టారుకు కాసే తల్లి చెట్లు 50 వదలాలి. దట్టమైన పెద్ద అడవిలో ఇది చెడ్డ నిబంధన కాదు. 200 హెక్టార్లలో 50 చొప్పున వదిలితే 10,000 తల్లులు. అదే ఒక హెక్టారు ముక్కలో 50 వదిలితే, పైన చూసిన లెక్కన ప్రభావక సంఖ్య 17 దగ్గర ఆగొచ్చు. హెక్టారుకు ఇన్ని అనే నిబంధన అడవి ముక్క ఎంతుందో అడగదు. అయిదు హెక్టార్ల లోపు ఒంటరి ముక్కల్లో మొవ్వు అసలు కొట్టొద్దన్నదే మా సలహా.

50 చెట్లను సమంగా వేస్తే ఒక్కోదానికి 200 చదరపు మీటర్లు, అంటే చెట్టుకూ చెట్టుకూ సుమారు 14 మీటర్లు. ఆచరణలో ఏం జరుగుతుందంటే, దారికి దూరంగా వాగు ఒడ్డున ఉన్న గుంపును చూపించి ‘ఇవే 50’ అంటారు. ఒకే గుంపులో నిలబడ్డవి ఒక తల్లి పిల్లలై ఉండే అవకాశం ఎక్కువ. అందుకే నరికే ముందే 14–15 మీటర్ల గళ్ళుగా నడిచి, గడికి ఒకటి చొప్పున రంగు వేయాలి. మూడోవంతైనా లావువాటిలోంచి ఉండాలి. ఆ సంవత్సరం గెల ఉన్నదాన్నే తల్లిగా లెక్కించాలి, లావు చూసి ‘కాస్తుందిలే’ అనుకోకూడదు. నరికేది కాయ రాలిన తర్వాత.

తిరిగి ఎప్పుడు రావాలి? మొదటిసారి నరికినప్పుడు కాండం రాని దశలో ఉన్న మొక్కల్లో కనీసం సగం ఒక్కసారైనా కాసే దాకా రావద్దు. ఏళ్ళ లెక్క చెప్పమంటే స్థలాన్ని బట్టి మారుతుంది, ప్లాట్‌లో దశల లెక్క చూసి చెప్పాల్సిందే. కాంట్రాక్టు మీద క్యాలెండర్ ప్రకారం తిరిగే చోట ఈ షరతే మొదట తెగుతుంది.

ఆడ, మగ వేరైనప్పుడు

పెరూ ఇక్విటోస్ చుట్టుపక్కల చిత్తడి అడవుల్లో అగ్వాహే, అంటే మౌరీషియా ఫ్లెక్సువోసా, తాటిచెట్టులాగే పోతు, పెంటి వేరు. పండు పెంటి చెట్టుదే. ఎత్తైన చెట్టెక్కడం కన్నా నరకడం సులువని పెంటివాటినే నరుకుతూ వచ్చారు. పోతుచెట్లు మాత్రం నిలబడే ఉన్నాయి. దూరం నుంచి చూస్తే అడవి నిండుగానే ఉంటుంది. 50 పోతు, 50 పెంటి ఉంటే ప్రభావక సంఖ్య 100. 50 పోతు, 5 పెంటి అయితే, నాలుగింతల పోతు–పెంటి లబ్ధాన్ని మొత్తంతో భాగించగా, 18. చెట్లు 55, లెక్కకొచ్చేవి 18. అక్కడ మోకులాంటి పరికరాలతో ఎక్కి గెల దించే పద్ధతిని ప్రోత్సహిస్తున్నారు. మన గీత కార్మికులు రోజూ చేసే పనే అది.

తూర్పు కనుమల్లో జీలుగు అనే పామ్ పరిస్థితి ఇంకోరకం. అది ఒక్కో గెలా పై నుంచి కిందికి వేసుకుంటూ వచ్చి, చివరి గెలతో చచ్చిపోతుంది. కొండరెడ్లు కల్లు గీస్తారు, కరువులో కాండం లోపలి పిండి తింటారు. గెలలన్నీ గీస్తే ఆ చెట్టు ఒక్క గింజా ఇవ్వకుండానే పోతుంది, అంటే జన్యుపరంగా మొవ్వు కొట్టిన జుసారాతో సమానం. కింది గెలల్లో ఒకటి రెండు కాయకు వదిలితే ఆ చెట్టు వంతు గింజ అడవికి అందుతుంది.

పండు తీసే దారి

ఇటీవల జుసారా పండు గుజ్జుకు, అసాయీ గుజ్జులాంటిదే, గిరాకీ పెరుగుతోంది. చెట్టు బతుకుతుంది, రైతుకు ఏటా డబ్బు వస్తుంది. మొవ్వు కన్నా ఇది మంచి దారే గానీ జన్యు చిక్కులు దీనికీ ఉన్నాయి.

గుజ్జు తీయడానికి పళ్ళను గోరువెచ్చని నీళ్ళలో నానబెడతారు. నీళ్ళు మరీ వేడైతే పిండం చస్తుంది, గింజ పనికిరాదు. సరిగ్గా చేస్తే గింజ క్షేమంగా బయటికొస్తుంది, అడవిలో చల్లడానికి పనికొస్తుంది. ఒకే చెట్టు గెలను ఒకేచోట గుట్టగా పోసి వచ్చేస్తే మాత్రం అక్కచెల్లెళ్ళ గుంపు తయారవుతుంది. వేర్వేరు తల్లుల గింజ కలిపి పలచగా చల్లాలి. ఎంతమంది తల్లులు? ఒక తల్లి గింజలు ఎన్ని తెచ్చినా, తండ్రులు అందరూ వేరైనా ప్రభావక సంఖ్యకు 4 మించి ఇవ్వవు. తండ్రి ఒక్కడే అయితే 2. అంటే 50 కావాలంటే 13 నుంచి 25 తల్లులు, నరికిన చోట 25 వైపే ఉండాలి. బస్తాల కొద్దీ గింజ ఉందని రెండు చెట్లతో సరిపెట్టడం నర్సరీల్లో తరచూ జరిగేదే.

గింజ అదే లోయదై ఉండాలి, కనీసం అదే ఎత్తుదై ఉండాలి. తీరం పక్క చెట్టూ కొండ మీది చెట్టూ ఒకే నెలలో పండవు. గుజ్జు ఎక్కువ వస్తుందని అడవి అంచుల్లో అసాయీ నాటే అలవాటు ఇంకా ప్రమాదం. రెండు జాతులూ కలిసి సంకరాలు పుడతాయి, వాటిని అడవిలోంచి ఏరిపారేయడం ఎవరి తరమూ కాదు. గెలల్లో కొన్ని పక్షులకు వదలాలి. లాభం కోసం చివరి గెల దాకా దించేస్తే, గింజ మోసే కూలీ మనమే అవుతాం. టూకాన్ మోసినంత దూరం ఎవరూ మోయరు.

మళ్ళీ కొలవడానికి నరికిన తర్వాత మూడో కాపు నుంచి వచ్చిన మొలకలు సరైనవి. వాటిని గుర్తించాలంటే నరికిన ఏడాదే ప్లాట్‌లోని పాత మొలకలన్నిటికీ అల్యూమినియం ట్యాగులు కట్టి ఉండాలి. ట్యాగు లేనివే కొత్తవి. ఆ పని మొదటి ఏడాది చేయకపోతే తర్వాత ఎంత డబ్బు పెట్టినా ఏ మొలక ఏ కాలందో విడదీయలేం.